పంపకపోతే బాగోదు కదండీ!

మా కోనసీమలో ఇంటికొచ్చిన మనిషిని కాఫీ ఇవ్వకుండా పంపడం ఎంత అమర్యాదో, ఫోనుకొచ్చిన మెసేజీని పదిమందికీ పంపకుండా ఉంచేసుకోవడం అంతకంటే అమర్యాద. మనిషైతే కాఫీ తాగి వెళ్లిపోతాడు. మెసేజీ మాత్రం అమలాపురంలో కాఫీ తాగి, కొత్తపేటలో టిఫిను చేసి, కువైట్ వెళ్లి, మళ్లీ సాయంత్రానికి మనింటికే చుట్టపుచూపుగా వస్తుంది.

రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి, కోడి కంటే ముందు రాజోల్లో మా బావగారు కూస్తారు. "అర్జెంట్! శుభోదయం అని పువ్వుల బొమ్మలొస్తే తెరవకండి. చైనా హ్యాకర్లు అందులో కోడు దాచేరు. మీ శ్రేయోభిలాషులందరికీ పంపండి." దాని కిందే ఇంకో మెసేజీ. గులాబీ పువ్వు, శుభోదయం.

మర్నాడు ఇంకోటి. ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఫోన్లు ఆపేసి దూరంగా పెట్టుకోవాలట, కాస్మిక్ కిరణాలు పోతున్నాయట, నాసా వాళ్లూ బీబీసీ వాళ్లూ చెప్పేరట. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కనుమ ఉంది, అంతర్వేది రథానికి భీష్మ ఏకాదశి ఉంది. ఈ కిరణాలకి తిథీ లేదు, వారం లేదు. ఏ రాత్రి చదివితే ఆ రాత్రే. అలాగే "రేపు మార్టినెల్లి అని ఒక వీడియో వస్తుంది, తెరిస్తే ఫోను పోతుంది" అన్నది. అది ఉత్తదని స్పెయిన్ పోలీసులు 2017లోనే చెప్పేశారు. మా రాజోల్లో మాత్రం ఆ రేపు ఇంకా తెల్లారలేదు.

ఒకసారి ఉండబట్టలేక "ఇది నిజమేనంటారా బావగారూ?" అని రాశాను. సాయంత్రం అక్క ఫోను. "ఏరా, ఆయన మాట అబద్ధమన్నావట. పొద్దుటినుంచి మనిషి సరిగ్గా అన్నం తినలేదు." ఇదండీ మా దగ్గర నిజానిజాలు తేల్చడంలో ఉన్న చిక్కు. మెసేజీని అనుమానిస్తే పంపినాయన్ని అనుమానించినట్టు, ఆయన్ని అనుమానిస్తే ఆయనకి పంపిన వియ్యంకుణ్ణి అవమానించినట్టు. అంతమందితో తగువు పెట్టుకునేకంటే చైనా హ్యాకర్లే నయం.

బావగార్ని అనేంత పెద్దమనిషినేం కాదు నేను. 2002లో అమలాపురం గడియారస్తంభం దగ్గర మావాడొకడు ఇంటర్నెట్ సెంటరు నడిపేవాడు. అమెరికా నుంచి నాకో ఈమెయిలొచ్చింది. కంప్యూటర్లో బుల్లి ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైలు కనిపిస్తే అది వైరస్, పద్నాలుగు రోజులు పడుకుని లేస్తుంది, ఏ యాంటీవైరసూ పట్టలేదు, వెంటనే పీకేసి, మీ అడ్రస్ బుక్కులో ఉన్నవాళ్లందరికీ చెప్పండి అని. అంతకు రెండేళ్ల ముందే, 2000 మే నెలలో, 'ఐ లవ్ యూ' అంటూ వచ్చిన ఉత్తరం తెరిచి ప్రపంచమంతా లబోదిబోమంది. అది నిజం వైరస్. ఆ భయం ఇంకా ఒంట్లోనే ఉంది. వెతికితే నిజంగానే ఎలుగుబంటి! ఆరు కంప్యూటర్లలో ఆరు ఎలుగుబంట్లు. ఆరింటినీ చంపి, అడ్రస్ బుక్కంతా దండోరా వేశాం. తర్వాత తెలిసింది, అది విండోస్‌తో పాటు మైక్రోసాఫ్ట్ వాళ్లు పెట్టిన మంచి ఫైలేనట. వైరస్ చేయాల్సిన రెండు పనులూ, అంటే పాడుచేయడం, పాకించడం, మేమే శ్రద్ధగా చేసిపెట్టాం.

మావాళ్లు బెదురుతారంటే బెదరరూ మరి! 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాసు బావి ఎగదన్నింది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. మరుసటి ఏడు నవంబరు 6న తుపాను వెయ్యిమందికి పైగా పొట్టనపెట్టుకుంది. అవి చూసినవాళ్లకి హెచ్చరికంటే బుర్ర కంటే ముందు కాళ్లు లేస్తాయి. అది తప్పు కాదు. కానీ గ్యాసైతే వాసనొస్తుంది, తుపానైతే గాలి మారుతుంది. ఫోనులో వచ్చేదానికి వాసనా లేదు, గాలీ లేదు.

వాట్సాప్ వాళ్లూ ఆపాలనే చూశారు. 2018లో మనదేశంలో ఒక విడతకి ఐదుగురికే అన్నారు. 2019లో, చేతులు బాగా మారినదానికి రెండు బాణాల గుర్తు వేశారు, 2020 ఏప్రిల్లో అలాంటిది ఒకసారికి ఒకరికే అన్నారు. బావగారు ఆ బాణాల్ని ఐఎస్ఐ ముద్ర అనుకున్నారు. "ఇంతమంది పంపేరంటే నిజం కాకపోతే పంపుతారా?" అని, ఒక్కొక్కళ్లకీ విడివిడిగా, బొట్టుపెట్టి పిలిచినట్టు పంపుతున్నారు.

ఇంతలో అసలుది వచ్చింది, శుభలేఖ వేషంలో. తెలియని నంబరు, చివర్న ఏపీకే అని మూడక్షరాలు. అది శుభలేఖ కాదు, యాపు. ఫోనులో దూరి, వచ్చిన ఓటీపీలన్నీ చదివి దొంగకి చేరవేస్తుంది. చైనా గులాబీలకి భయపడ్డ బావగారు దీన్ని ఠక్కున తెరిచారు. "ఎవరి పెళ్లో తెలీదు గానీ, పిలిచాక చూడకపోతే బాగోదు కదా బావా!" ఖాతాలో ఉన్న కొబ్బరి దింపు డబ్బులు ఊడ్చుకుపోయాయి. సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చేయించేసరికి పూట గడిచిపోయింది.

తర్వాత మా చుట్టాల గ్రూపు తిరగేస్తే, 'ఏపీకే ఫైళ్లు తెరవకండి' అన్న పోలీసుల హెచ్చరిక నాలుగు రోజుల ముందే ఉంది, కిరణాలకీ మార్టినెల్లికీ మధ్యన. పంపింది ఎవరనుకున్నారు? బావగారే. చదవలేదా అంటే, "చదువుతూ కూర్చుంటే పంపేదెప్పుడు?" అన్నారు.

ఆ ఆదివారం అంబాజీపేటలో ఒక కొట్టు ముందు నిలబడ్డాం. బావగారు కురిడీ కాయ తీసి, చెవి దగ్గర పెట్టి ఊపారు. లోపల గుండు ఆడలేదు. పక్కన పెట్టి ఇంకోటి తీశారు. అలా పదకొండు ఊపితే నాలుగు నచ్చాయి. కొట్టాయన అలగలేదు సరికదా, ఇంకో నాలుగు చేతికందించాడు. "చూశారా, కాయ ఊపితే అమ్మేవాణ్ణి అవమానించినట్టు కాదు. మెసేజీనీ అలాగే ఊపండి. తేదీ ఉందా, చెప్పినవాడికి పేరుందా, 'అందరికీ పంపండి' అని బతిమాలుతోందా చూడండి. అప్పటికీ మోగకపోతే పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ ఉంది, తెలుగులో చెప్పడానికి ఫ్యాక్ట్‌లీ ఉంది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు.

మర్నాడు నాలుగున్నరకి కూత లేదు. ఐదైంది, ఆరైంది. మనసాగక గ్రూపులో పెట్టేశాను: "బావగారికి ఒంట్లో బాగోలేనట్టుంది." ఏడుకల్లా కొత్తపేట పిన్ని కారెక్కేసింది. ఎనిమిదికి కువైట్ నుంచి మేనల్లుడు ఒకటే ఏడుపు.

తొమ్మిదింటికి బావగారే ఫోను చేశారు. "నాకేం కాలేదు బావా. పొద్దున్నే ఒకటొచ్చింది, ఊపి చూస్తన్నాను. నన్ను మాత్రం ఊపకుండానే పంపేసేవట!"