బాతు మేసిన పద్యం: టీకా తాత్పర్య సహితం

నక్క లెక్కని దీవిలో నిక్కి బతికి
తెల్ల కంటెను దాల్చి తా నిల్లు వదలి
కడలి దాటిన బాతు మా గడ్డి మేసె
ఆవు లేమిటి మేయునో యడుగరేల?

అవతారిక: కాలిఫోర్నియా ఉత్తరపు కొసన, క్రెసెంట్ సిటీ దగ్గరి పాడి రైతు ఒకడు తెల్లవారాక తన పచ్చిక కేసి చూసి సర్కారువారికి పెట్టుకున్న మొర ఇది. మొర రైతులందరిదీ, పద్యం కట్టిన పాపం మాత్రం వ్యాఖ్యాతదే.

ప్రతిపదార్థం: నక్కలు + ఎక్కని = నక్కలు అడుగుపెట్టని; దీవిలో = బుల్డిర్ అనే దీవిలో; నిక్కి = తలెత్తుకుని; తెల్ల కంటెను = నల్లని మెడ మొదట్లో ఉండే తెల్లని పట్టీని; ఇల్లు = అలాస్కాలోని అల్యూషియన్ దీవులను; కడలి = పసిఫిక్ మహాసముద్రాన్ని; బాతు = అల్యూషియన్ క్యాక్లింగ్ గూస్ అనే పెద్దబాతు; మా = ఎరువుల అప్పు ఇంకా తీరని మా; గడ్డి = గడ్డి.

విశేషాలు: ‘నక్కలెక్కని’ అన్న ఒక్క విశేషణంలో దాదాపు రెండు వందల ఏళ్ల కథ ఉంది. 1750 నుంచి రష్యన్ బొచ్చు వ్యాపారులు, వాళ్ల తరవాత అమెరికన్లు, తోళ్ల కోసం దీవి తరవాత దీవిలో నక్కల్ని వదిలారు. నేలమీద గూడు పెట్టే పక్షికి, అందులోనూ ఈకలు రాల్చి కొన్నాళ్లు ఎగరలేని పక్షికి, నక్క పొరుగు పొసగదు. 1938 తరవాత ఈ బాతు ఎవరి కంటా పడలేదు; పోయిందే అనుకున్నారు. 1962లో అక్కడి వన్యప్రాణి శరణాలయం అధికారి బాబ్ జోన్స్ చిన్న పడవలో బుల్డిర్ చేరితే, రెండు మూడు వందలు అక్కడ హాయిగా ఉన్నాయి. ఆ దీవికి సరైన రేవు లేదు. అందుకే నక్కల్ని అక్కడ ఎవరూ దించలేదు. కొందరు ఈ విశేషణాన్ని ‘నక్క లెక్క’ అని విరిచి, నక్కకు దొరకని లెక్క అని అర్థం లాగుతారు. లెక్క కుదురుతుంది గాని వ్యాకరణం కుదరదు.

అసలు లెక్క వేరు. 1967లో ఈ బాతు అంతరించిపోయే జాతుల జాబితాకెక్కింది. 1975లో లెక్కకు వచ్చినవి 790. దీవుల్లో నక్కల్ని ఏరివేసి, బుల్డిర్ బాతుల్ని అక్కడికి తరలించి, శీతకాలపు విడుదుల్లో వేట ఆపించారు. 2001లో జాబితా దిగింది. అధికారులు అరవై వేలు చాలనుకున్నారు. బాతుల సంఖ్య లక్ష దాటింది. నక్కకు తెలియని లెక్కలు బాతుకు మాత్రం ఎలా తెలుస్తాయి?

ఆక్షేపం: హంసజాతికి తామరతూడులు ఆహారమని కవిసమయం కదా, గడ్డి మేసిందనడం అనౌచిత్యం కాదా?

సమాధానం: కాదు. వసంతంలో ఇంటికి పోవాలంటే వేల కిలోమీటర్ల సముద్రం దాటాలి. ఒంటికి కొవ్వు పట్టించేది పొట్టి లేతగడ్డే. రాత్రి ఒడ్డుకు కాస్త దూరాన కాసిల్ రాక్ మీద పడుకుని, తెల్లవారగానే గుంపుగా లేచి పచ్చికమీద వాలతాయి. అది రైతు ఆవుల కోసం పెంచుకున్న పచ్చిక. కావ్యాల్లోని హంస పాలలోంచి నీళ్లు వేరుచేస్తుంది. ఈ హంస అంతకన్నా ముందే వచ్చి, ఆవులోంచి పాలు వేరుచేస్తుంది.

అలంకారం: స్వభావోక్తి. అతిశయోక్తి అన్నవాణ్ని రైతు తన పొలానికి రమ్మంటున్నాడు.

తాత్పర్యం: అయ్యా, చచ్చిందనుకున్న పక్షిని బతికించారు, సంతోషం. మేత ఖర్చు మా ఖాతాలో రాశారేం?

పునర్విశేషం: ‘అడుగరేల’ అన్న నింద పూర్తిగా న్యాయం కాదు. అడిగారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రైవేటు భూముల్లో ప్రత్యేకంగా వేట అనుమతించారు, బెదిరిన బాతు సర్కారు భూముల్లోకి మళ్లుతుందని. అయితే బాతుకు పొడుగు గడ్డి రుచించదు. దాన్ని పొట్టిగా ఉంచడానికి సర్కారు బీళ్లలోకి పశువుల్ని తోలించారు. కనుక నాలుగో పాదంలోని ప్రశ్నకు శాస్త్రసమ్మతమైన జవాబు: ఆవులు సర్కారు గడ్డి మేయును, అదియును బాతుల కొరకే.