మిల్లు పోయింది, గుంట పోలేదు

మా రోజుల్లో మిల్లు మూతపడితే వాడంతా ఏడ్చేది. ఇప్పుడు మిల్లు మూతపడితే బిల్డరు కొబ్బరికాయ కొడుతున్నాడు. వారం తిరక్కుండా ప్రహరీ మీద రంగురంగుల బోర్డు లేస్తుంది: రెండు బెడ్‌రూములు, మూడు బెడ్‌రూములు, పిల్లలు ఆడుకోవడానికి పార్కు. ఆ పార్కు కింద ఏముందో మాత్రం ఏ బోర్డూ చెప్పదు.

వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలం సూరత్‌కు బతకొచ్చినవాళ్ళం. లింబాయత్ గల్లీల్లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, కార్పొరేషనే తెలుగు బడి నడుపుతున్నది. చాలామంది పవర్‌లూమ్ మీద నిలబడ్డారు. నేను డైయింగ్ మిల్లులో పడ్డాను. జిగ్గర్ మీద తానులు తిప్పడం, కాస్టిక్ కలపడం, హైడ్రో పొడి ఎత్తిపోయడం, ఇదీ పని. చేతుల రంగు వదిలేది కాదు. ఎవడు ఏ ఖాతాలో, అంటే మిల్లు విభాగంలో, పనిచేస్తాడో అన్నం కలిపే చెయ్యి చూస్తే తెలిసేది.

మా రోజులు శుభ్రమైనవని నేననను. మిల్లులో ఆ పూట ఏ రంగు వేస్తే ఖాడీ కాలువలో ఆ రంగే పారేది. కానీ ఆ పాపం అందరికీ కనపడేది. మిల్లు ఆవరణలో యాసిడ్ పీపాలు ఏ మూలన దించుతారో, ఎండిన బురద ఏ గుంటలో పూడుస్తారో, బాయిలర్ బూడిద ఎటు పోస్తారో స్వీపరు నుంచి సూపర్‌వైజరు దాకా అందరికీ ఎరుకే. బాయిలర్ వెనక చేతిపంపు నీళ్ళు తాగొద్దని కొత్తగా చేరినవాడికి మొదటిరోజే చెప్పేవాళ్ళం. ఆ నేల కథ ఏ కాగితం మీదా లేదు, పనివాళ్ళ నోళ్ళలో ఉంది. మిల్లు మూసేసి లెక్క తేల్చి పంపించినరోజు ఆ కథ కూడా గేటు దాటి పోయింది. కొందరు వరంగల్ పోయారు, కొందరు కాటికే పోయారు.

మొన్న అలాంటి ఒక పాత మిల్లు జాగాలో పునాది తవ్వుతుంటే చూశాను. పైన మామూలు నల్లమట్టి. జేసీబీ తొట్టి మనిషి లోతు దిగేసరికి ఊదారంగు పొర తేలింది, నానబెట్టిన సున్నంలా మెత్తగా. గుప్పున వాసన. దాహోద్ నుంచి వచ్చిన ఆదివాసీ కూలీలు, ఆడా మగా, చెప్పుల్లేని కాళ్ళతో అందులోనే దిగి తట్టలెత్తుతున్నారు. ఒక తల్లి పసిదాన్ని ఆ మట్టికుప్ప పక్కనే పడుకోబెట్టింది. ట్రాక్టర్లు వరసగా వచ్చి ఆ మట్టిని ఎత్తుకుపోతున్నాయి. ఎటు పోతోందని అడిగితే, ఇంకెక్కడో పల్లపు ప్లాటు నింపడానికట! ఒకచోట ఉన్న రోగాన్ని ఊరంతా పంచుతున్నారన్నమాట.

మా తమ్ముడి మనవడు అలాంటి పనుల్లోనే సైట్ ఇంజనీరు. ఉండబట్టలేక వాణ్ణే అడిగాను.

"మట్టి పరీక్ష చేయించిన్రారా?"

"చేయించినం పెదతాతా. సాయిల్ రిపోర్టు ఉంది. పన్నెండు అంతస్తులు మోస్తదని ఇచ్చిన్రు."

"బరువు సంగతి సరే. విషం సంగతి?"

"అది ఎవ్వరడుగుతలేరు తాతా."

అదీ సంగతి. బిల్డింగు కూలుతుందేమోనని చూస్తారు, అందులో ఉండే మనిషి ఏమవుతాడో చూడరు. క్రోమియం, జింకు, సీసం లాంటివి ఏళ్ళు గడిచాయని కుళ్ళి మట్టిలో కలిసిపోయే సరుకు కాదు. వానకు కొంచెం కొంచెంగా కిందికి దిగి బోరునీళ్ళలో తేలతాయి. విషవాయువు చిమ్మిన భోపాల్ ఫ్యాక్టరీ 1984లో మూతపడితే, అక్కడి గోదాములో మిగిలిన 337 టన్నుల విషపు చెత్త గడప దాటేసరికి 2025 జనవరి వచ్చింది. నేలలోకి దిగింది ఇంకా అక్కడే ఉంది.

ఇక్కడ ఉధ్నాలో బరోడా రేయాన్ 2008లో ఆగిపోయింది. పదులకొద్దీ ఏళ్ళు కలపగుజ్జును కాస్టిక్‌తో, కార్బన్ డైసల్ఫైడ్‌తో కరిగించి నూలు తీసిన చోటు అది; ఇప్పుడు ఆ భూమి మీద ఇళ్ళ వ్యాపారం. మా వరంగల్ ఆజంజాహి మిల్లు 1934 నాటిది, అదీ ప్లాట్లయింది. ఏ ఒక్క కంపెనీ మీదో వేలెత్తడం లేదు. పాత మిల్లు జాగా ఏదైనా సరే, అమ్మేముందు మట్టినీ నీళ్ళనూ పరీక్షించి ఆ కాగితం గేటుకు అంటించాలంటున్నాను.

అజాగ్రత్త ఖరీదు ఈ ఊరికి కొత్త కాదు. 2022 జనవరి 6న తెల్లవారకముందే సచిన్ జీఐడీసీ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరువాడు రసాయనాన్ని దొంగచాటుగా కాలువలో వదిలితే, లేచిన గాలికి పక్క మిల్లు పనివాళ్ళు ఆరుగురు పోయారు. కాలువలోది ఆ పూటే చంపింది కాబట్టి పేపర్లలో పడింది. నేలలోది పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో చంపితే ఎవరు లెక్క రాస్తారు?

చెయ్యాలనుకుంటే చెయ్యలేని ఊరు కూడా కాదు ఇది. 1994లో ప్లేగు వచ్చి జనం రైళ్ళకు వేలాడుతూ పారిపోయారు. మరుసటేడు కార్పొరేషన్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు (సూర్యదేవర రామచంద్రరావు) ఆఫీసర్లను ఏసీ గదుల్లోంచి లేపి రోజూ గల్లీల్లో తిప్పాడు. రెండేళ్ళలోపే సూరత్ దేశంలో శుభ్రమైన నగరాల వరసలో నిలిచింది. ఆయన చెత్తను దాచలేదు, ఎత్తించాడు. ఇప్పటివాళ్ళు మాత్రం మట్టి కప్పి టైల్స్ పరుస్తున్నారు.

చట్టం లేదని ఇక అనడానికి లేదు. కలుషిత స్థలాల నిబంధనలు 2025 జూలైలో వచ్చాయి. అనుమానం ఉన్న జాగాల జాబితా జిల్లా యంత్రాంగం ఇవ్వాలి, 90 రోజుల్లో తొలి పరిశీలన జరగాలి, శుద్ధి ఖర్చు పాడుచేసినవాడే భరించాలి. కానీ అనుమానం ఎవరికి వస్తుంది? ఏసీ గదిలో ఫైలు చూసేవాడికి రాదు. ఆ గుంట తవ్వినవాడికి వస్తుంది.

అందుకే నాతోపాటు రంగుల ఖాతాల్లో పనిచేసి, ఇంకా కాళ్ళూ నోరూ ఆడుతున్న అన్నలారా, తమ్ముళ్ళారా! మీ పాత మిల్లు నక్షా ఒక కాగితం మీద గీయండి. యాసిడ్ ఎక్కడ దించారో, బురద ఎక్కడ పూడ్చారో గుర్తులు పెట్టండి. ఒక కాపీ కలెక్టరాఫీసులో, ఒకటి కార్పొరేషన్‌లో, ఒకటి కాలుష్య నియంత్రణ మండలిలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఇల్లు కొనే పిల్లలారా, మీరు మాడ్యులర్ కిచెన్ చూసేముందు మట్టి రిపోర్టు, బోరునీళ్ళ రిపోర్టు అడగండి. చూపించలేదా, బయానా ఇవ్వకండి.