ప్యాకప్ ఎన్నింటికండీ?

ఫిలింనగర్ టీకొట్ల దగ్గర నెలల తరబడి తెగని పంచాయితీ ఒకటే: ఎనిమిది గంటలు. 2024 సెప్టెంబరులో తల్లయిన దీపికా పదుకొణె రోజుకు ఎనిమిది గంటలే పనిచేస్తానన్నారనీ, అక్కడే ‘స్పిరిట్’ సినిమా బేరం చెడిందనీ 2025 మేలో వార్తలొచ్చాయి. సెప్టెంబరులో ‘కల్కి 2898 ఏడీ’ రెండో భాగంలోనూ ఆమె ఉండరని వైజయంతీ మూవీస్ ప్రకటించింది. అంతే, సొంత బిడ్డ ఏ క్లాసు చదువుతోందో తడుముకునే మగమహారాజులంతా కాల్షీట్ల నిపుణులైపోయారు. “గంటలు తగ్గితే డబ్బూ తగ్గాలి కదా గురూ!” ఈ చర్చంతా పనివేళల్లోనే జరగడం విశేషం.

మగ సూపర్‌స్టార్లు ఏళ్లుగా ఎనిమిది గంటలే చేస్తున్నా అది వార్త కాలేదని ఆమె అక్టోబరులో అన్నారు. టీకొట్టు విననట్టు నటించింది. నటన ఇక్కడ అందరికీ వచ్చు.

సరే, డబ్బు వదులుకుని ఒక తండ్రి ఆరింటికే బయటపడ్డాడనుకోండి. ఇల్లు చేరొద్దూ? దారిలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ఉంది. అక్కడెవరూ ఏమీ చెక్ చేయరు, బళ్లు వాటంతటవే ఆగిపోతాయి. అది దాటితే 36వ నంబరు రోడ్డు. బళ్లో చదువుకున్న పాపానికి 36 తర్వాత 37 కోసం చూస్తాడు, 45 వచ్చి తగులుతుంది. ఈ నంబర్లు వేసినాయనెవరోగాని, పిల్లలచేత ఎక్కాలు చదివించే తీరిక ఆయనకూ దొరికినట్టు లేదు. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచినప్పుడు రద్దీ తీరిపోతుందన్నారు. చెరువు అవతలి ఐటీ రద్దీ కూడా వచ్చి 45లో కలిశాక పాత రద్దీ గురించి అడిగేవాడే లేడు. 36లో తలెత్తితే పెద్దమ్మ గుడి వైపు మెట్రో దర్జాగా పోతుంటుంది. కారులో ఉన్నవాడికి కడుపుమంట. రేపూ కారులోనే వస్తాడు. చెక్‌పోస్ట్ పక్కన కేబీఆర్ పార్కులో నెమళ్లు మాత్రం పొద్దుగూకేసరికి ఠంచనుగా చెట్లెక్కేస్తాయి. వాటినెవరూ ‘లాస్ట్ షాట్’ అని ఆపరు.

2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి అనుమతిచ్చింది, వారానికి 48 దాటొద్దంది. సినిమావాళ్లకు పది గంటలంటే లంచ్ తర్వాత కాసేపు.

అయినా తగ్గించుకోవడానికి ముందు జీతమంటూ ఉండాలి. కృష్ణానగర్, యూసఫ్‌గూడల నుంచి వచ్చే లైట్‌మన్‌ది రోజుకూలీ. సగం కూలీకి సగం పూట చేస్తానంటే మిగతా సగం చీకట్లో తీయరు కదా! ఆ ఆగస్టు 4న సినీ కార్మికుల ఫెడరేషన్ సమ్మెకు దిగింది. అడిగింది 30 శాతం కూలీ పెంపు. 21న తెగింది మూడేళ్లలో 22.5. ఆ మధ్య రోజుల్లో 24 క్రాఫ్టుల వాళ్ల పిల్లలు నాన్నను పట్టపగలు ఇంట్లో చూశారు. నాన్న జేబులో ఏమీ లేదు.

1972లో హీరో కృష్ణ సినిమాలు 18 విడుదలయ్యాయి. మూడు షిఫ్టుల ఆ కథను పరిశ్రమ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. తర్వాతి ఏళ్లలో పిల్లలతో గడపడానికి ఆయన వారాంతాల్లో షూటింగులు మద్రాసు వీజీపీ గోల్డెన్ బీచ్‌లో పెట్టించుకునేవారన్నది ఎవరూ అంతగా చెప్పరు. చిన్నబ్బాయి మహేశ్ ఎక్కువగా అమ్మమ్మ దగ్గరే పెరిగాడు. 1983లో ‘పోరాటం’లో తండ్రి పక్కన నటించాడు, తమ్ముడిగా. కొడుకుగా దొరకని కాల్షీటు అలా దొరికింది.