ఓనరు గారి జమాబందీ

రామచంద్రపురంలో ఇల్లు దొరకడం కష్టమేమీ కాదు. ఓనరు గారికి మనం నచ్చడమే కష్టం. ముందు ఊరడుగుతారు. తర్వాత ఇంటిపేరు. ఆ రెండిటితోనూ లెక్క తేలకపోతే మొహమాటం పక్కన పెట్టి "ఇంతకీ మీరేవిట్లండి?" అనేస్తారు. నీచు వండుతారా, చుట్టాలు ఎక్కువా అన్నవి ఆ వెనకాలే వస్తాయి. ఇవన్నీ గట్టెక్కి, అడ్వాన్సు కవరు జేబులోంచి తీస్తుండగా ఈ మధ్య కొత్తగా ఒకటి తగులుతోంది: "కుక్కా పిల్లీ లాంటివేమైనా పెంచుతారాండి?"

మా ఓనరు గారు ఆ ప్రశ్నలో ఆరితేరినవారు. పేరు చెప్పను. ద్రాక్షారామం రోడ్డు నుంచి రాజుగారి కోట దాకా ఏ వీధిలో తొంగి చూసినా ఆయన బాపతు మనిషి ఒకరు మేడమీద పడక్కుర్చీలో కూర్చుని, కింద గేటు ఎన్నిసార్లు తీశారో ఎన్నిసార్లు వేశారో వింటూ ఉంటారు. మా ఓనరు గారు రెవెన్యూలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళ నాన్నగారిది కరణీకం. 1984లో రామారావు గారి ప్రభుత్వం మునసబు కరణాలను రద్దు చేసింది గానీ ఆ ఇంట్లో మాత్రం ఉత్తర్వు అమలు కాలేదు. ఇప్పటికీ చెంబు పోతే పంచనామా రాస్తారు.

మేడమీద వారు, కింద రెండు వాటాలు. వెనక వాటా నాది. మాది గౌతమికి ఇవతలి గట్టు, అసలు కోనసీమ అవతల. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని తీసుకెళ్ళి కోనసీమ జిల్లాలో కలిపారు. ఆ నెలే అద్దె ఐదొందలు పెరిగింది. ఇదేంటండీ అంటే, "కోనసీమంటే టూరిస్టు ప్లేసు కదండి" అన్నారు. పెరట్లో ఉన్నది ఒకే ఒక్క కొబ్బరిచెట్టు. దాని కాయలు అద్దెలో చేరవు.

ముందు వాటాలోకి ఒక బ్యాంకు ఫీల్డాఫీసరు దిగడంతో ఓనరు గారి విశ్వరూపం చూసే భాగ్యం కలిగింది. ఫీల్డాఫీసరు, ఆయన భార్య, వాళ్ళతో లడ్డూ అనే లాబ్రడారు. మంచి వయసులో ఉన్న ఆడకుక్క, మనిషి కనిపిస్తే తోక ఒక్కటే ఊపి ఊరుకోదు, నడుం నుంచీ మొత్తం ఊపేస్తుంది. అది గేటు దాటుతుండగానే పైనుంచి ఓనరు గారు దిగి వచ్చారు. పలకరింపులేమీ లేవు. కుక్క చుట్టూ ఒకసారి తిరిగారు. పొలం గట్టు మీద నిలబడి హద్దులు చూసుకునే పద్ధతి అది. ముక్కు నుంచి తోక దాకా కంటితో కొలిచి, "ఎన్ని కేజీలుంటుందండి?" అన్నారు.

"ముప్ఫై దాకా ఉంటుందండి."

"మరైతే అద్దె తొమ్మిదివేలు, దీనికి ఐదొందలు. దీని అడ్వాన్సు ఐదువేలు విడిగా. ఖాళీ చేసేటప్పుడు మామూలుగా నెలద్దె కలరుకి పట్టుకుంటానండి. కుక్కున్నోళ్ళకి తలుపుల పాలిషు కూడా."

"అదేంటండీ బాబూ, కుక్కకి అద్దేంటండి?"

"రైల్లో కుక్కకి టిక్కెట్టు లేదాండి? గార్డు పెట్టెలో పడేసినా లగేజీ లెక్కన వసూలు చేస్తారు. ఒక్కపూట ప్రయాణానికే అలాగుంటే, ఇది మా ఇంట్లో ఏడాది పొడుగునా కాపరం చెయ్యొద్దా?"

ఫీల్డాఫీసరు గారికి పురాణం గుర్తొచ్చింది. కుక్కని వదిలేసి రమ్మంటే ధర్మరాజు స్వర్గమే వద్దన్నాడు కదండి, అన్నాడు. ఓనరు గారు తువ్వాలుతో మెడ తుడుచుకుని, "స్వర్గంలో టైల్సు లేవు కదండి" అన్నారు.

అగ్రిమెంటు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాశారు. మామూలే, పదకొండు నెలలకి. ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేయించాలి గనక దేశమంతా పదకొండు నెలల చొప్పున బతుకుతోంది. టైపు చేయించిన షరతులన్నీ అయ్యాక అడుగున ఓనరు గారు స్వహస్తాలతో, ఆ గొలుసుకట్టు రాతతో, ఇంకో రెండు లైన్లు చేర్చారు. "కుక్క ఒకటి (1) మాత్రమే. సదరు కుక్క పిల్లలు పెట్టిన యెడల సబ్‌లెట్‌గా పరిగణించబడును." ఫీల్డాఫీసరు గారి భార్య అది చదివి నవ్వింది. ఓనరు గారు నవ్వలేదు. కుక్క వేలిముద్ర అడగలేదు, అదే పదివేలు.

ఈ విద్య ఆయన పెట్టి పుట్టింది కాదు. అమెరికాలో నేర్చుకొచ్చారు. కొడుకు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఓ ఎండాకాలం భార్యాభర్తలిద్దరూ ఆరు నెలలు ఉండొద్దామని వెళ్ళారు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ సొంత చెప్పులు సొంతంగా జరుపుకోని మనిషి, అక్కడ నిక్కరేసుకుని, చేతికి ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని, సింబా అనే కుక్క వెనకాల పొద్దున్నే నడిచారు. సంచీ ఎందుకో చెప్పక్కర్లేదు. ఆ అవమానం ఆయన మర్చిపోయారు, ఎందుకంటే ఓ సాయంత్రం కొడుకు అపార్ట్‌మెంటు లీజు కాగితాలు ఆయన కంటపడ్డాయి. పెట్ డిపాజిట్టు ఒకటి. పెట్ ఫీజు ఇంకొకటి, అది తిరిగివ్వరు. ఆ పైన నెలనెలా పెట్ రెంటు. మూడూ విడివిడి పద్దులు! "ముప్ఫై ఏళ్ళు రెవెన్యూలో చేసి కూడా ఈ హెడ్డు నాకు తట్టలేదండి" అని ఇప్పటికీ బాధపడతారు. అక్కడ కొన్ని అపార్ట్‌మెంట్లలో కుక్కలన్నిటి డీఎన్‌ఏ తీసి పెట్టుకుని, ఎవరైనా ఎత్తకుండా వదిలేసిన దాన్ని ల్యాబుకి పంపి, ఫలానా వారి కుక్కదేనని తేల్చి జరిమానా వేస్తారు. అది విన్న రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదని వాళ్ళావిడ చెప్పారు. బాధతో కాదు.

అయితే అమెరికా నుంచి అన్ని సంగతులూ రాలేదు. అంగవైకల్యం ఉన్నవాళ్ళకో, మానసిక ఇబ్బంది ఉన్నవాళ్ళకో తోడుండే జంతువుకి, తగిన కాగితం ఉంటే, అక్కడి గృహవసతి చట్టం ప్రకారం పెట్ రెంటు గానీ డిపాజిట్టు గానీ తీసుకోకూడదు. కొడుకు అదీ చెప్పాడు. ఆ ముక్క మాత్రం హైదరాబాదు ఎయిర్‌పోర్టులోనే ఉండిపోయింది. ఇంగ్లండులో 2019లో చట్టం తెచ్చి విడిగా పెట్ ఫీజు వద్దంటే, అక్కడి ఓనర్లు దాన్ని అద్దెలోనే కలిపి వడ్డించడం మొదలెట్టారని చెబితే ఆయన కళ్ళు మెరిశాయి. "వాళ్ళేనండి మనల్ని ఏలింది" అన్నారు.

విద్య అక్కడిదైనా అమలు మాత్రం మన పద్ధతే. ఆయన లెక్కలో జంతువులన్నీ భూముల్లాగే తరగతులవారీగా ఉంటాయి. లాబ్రడారు, జర్మన్ షెపర్డు లాంటివి తరి. పూర్తి శిస్తు. పామరేనియన్ మెట్ట, సగం. పిల్లిని పట్టించుకోరు, ఎలుకల్ని పడుతుంది గనక. వీధికుక్క పోరంబోకు, దాని మీద ఎవరికీ హక్కులుండవు, అన్నం పెట్టినవాళ్ళకి బాధ్యతలు మాత్రం ఉంటాయి. నా చేపల తొట్టికి నెలకి యాభై పడింది. నాలుగు గోల్డు ఫిష్‌లకి యాభయ్యేంటండీ అంటే, "చేపలకి కాదండి, నీటి తీరువా" అన్నారు. రామచిలకని మాత్రం ఎంతిస్తానన్నా గేటు లోపలికి రానివ్వరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో పాత ఉద్యోగం కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే, చిలక విషయంలో ఆయనదే న్యాయం.

అసలు అడగాల్సింది మాత్రం ఆయన అడగలేదు. లడ్డూకి రేబీస్ టీకా వేయించారా, చీటీ ఉందా? పక్కింట్లో పిల్లలున్నారు, మెట్లమీద ఓనరు గారి భార్య పూలు కోస్తూ తిరుగుతారు. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రిలో ఊరికే వేస్తారు. ఊరికే వేసేది గనక దానికి ఆయన పుస్తకంలో గడి లేదు. ఫీల్డాఫీసరు గారి భార్యే ఓ రోజు చీటీ తెచ్చి చూపిస్తే, అటూ ఇటూ తిప్పి, "ఇందులో మాకేమీ రాదు కదండి" అని ఇచ్చేశారు.

ఫీల్డాఫీసరు గారు చదువుకున్నవాడు కదా, ఊరుకోలేదు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రింటు తీయించుకొచ్చాడు. పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదు, లిఫ్టు ఎక్కితే అదనంగా వసూలు చేయకూడదు అని అందులో ఉంది. ఓనరు గారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారు. "ఇది అపార్ట్‌మెంటు సంఘాలకండి. మాది ఇండిపెండెంటు. పైగా మాకు లిఫ్టెక్కడిదండి?" అన్నారు. సగం నిజమే. అవి ఎక్కువగా సంఘాలను ఉద్దేశించి రాసిన సలహాలే. రెండో అస్త్రం, కేంద్రం 2021లో తయారుచేసిన నమూనా అద్దె చట్టం. కాపురముండే ఇంటికి రెండు నెలల అద్దెకి మించి డిపాజిట్టు వద్దంటుంది అది. "నమూనా అని వాళ్ళే రాసుకున్నారు కదండి" అన్నారు ఓనరు గారు, కాగితం మడిచి ఇస్తూ.

ఆయనకి జంతువులంటే పడదనుకుంటే పొరపాటు. ఈ ఇల్లు కట్టి గృహప్రవేశం చేసినప్పుడు అందరికంటే ముందు గడప దాటింది ఆవూ దూడా. ఆ ఆవు సరిగ్గా హాల్లో, ఇప్పుడు లడ్డూ గోళ్ళకి గీతలు పడతాయని ఆయన బెంగపడే ఆ టైల్సు మీదే, నిలబడి కార్యక్రమం రెండు రకాలుగానూ పూర్తి చేసింది. చూసినవాళ్ళు చెప్పారు, ఓనరు గారి ఆనందానికి హద్దుల్లేవట. ఎవరో గోనెసంచీ తేబోతే, "ఉండనీండి, లక్ష్మి!" అని ఆపారట. ఆవు అడ్వాన్సు ఇవ్వలేదు. పైగా దానికే చీరా పసుపూ పెట్టి పంపారు. ఈ కబురు నేను ఫీల్డాఫీసరు గారి చెవిన వేసి ఉండాల్సింది కాదేమో. ఆయన మేడెక్కి అడిగేశాడు. పైనుంచి ఒకటే జవాబు వినిపించింది: "అది గెస్టండి."

మేడమీదే ఇంకో సంసారం ఉంది. ట్యాంకు పక్కన, షేడ్‌నెట్ కింద, గంపల్లో మూడు పందెం పుంజులు. ఒకటి డేగ, ఒకటి కాకి, మూడోది నెమలి. ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన మేపమని అప్పగించారని చెబుతారు. ఎవరివో మేం అడగం. పొద్దున్నే ఓనరు గారు డేగని చంకలో పెట్టుకుని, ఓ చేత్తో దాని రొమ్ము కింద సుతారంగా పట్టి, రెండో చేత్తో నానబెట్టి తొక్క తీసిన బాదంపప్పు ఒక్కొక్కటే ముక్కుకి అందిస్తారు. ఆ తర్వాత కోడిగుడ్డు, కీమా. అది మింగేదాకా చూసి, తువ్వాలు కొసతో ముక్కు తుడుస్తారు. మనవడికి కూడా వీడియో కాల్లో అంత ముద్దుగా మాట్లాడరు. ఆ మూడింటికీ శిస్తు లేదు, తీరువా లేదు. ఎందుకంటే అవి ఇనాం.

ఫీల్డాఫీసరు గారు దానికీ ఒక చట్టం తెచ్చాడు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం. పెంచిన జంతువుని నడిరోడ్డున వదిలేసినా, జంతువుల్ని పందేలకి దింపినా ఒకే సెక్షను. మొదటిసారి తప్పుకి జరిమానా పది రూపాయల నుంచి యాభై. ఓనరు గారు యాభై అన్న అంకెని కాసేపు తేరిపార చూసి, "దీనికి ఒక్కపూట బాదంపప్పు కూడా రాదండి" అన్నారు.

పండగ నెలపట్టాక ఓ రాత్రి లడ్డూ అరిచింది. మామూలుగా అది అరవదు. దొంగొచ్చినా నడుం ఊపుతుందనే మేం అనుకున్నాం. లైట్లేసి చూస్తే ఎవడో వెనక గోడ మీంచి సన్‌షేడ్ పట్టుకుని మేడ మీదకి పాకుతున్నాడు, భుజాన ఖాళీ గోనెసంచీ. సంక్రాంతి ముందు మా వైపు బంగారం కంటే పుంజులకే భయపడాలి. కుక్క అరుపుకి, మా కేకలకి వాడు దూకి పారిపోయాడు. ఓనరు గారు లుంగీ బిగించుకుంటూ పైకి పరిగెత్తి, మూడు గంపలూ ఎత్తి చూసుకుని, అక్కడే నేలమీద చతికిలబడ్డారు.

తెల్లారాక ఫీల్డాఫీసరు గారి భార్య అద్దె కవరు పట్టుకుని మేడెక్కింది. నేనూ వెనకాలే వెళ్ళాను, ఇలాంటివి వదులుకోకూడదు.

"బాబాయ్ గారూ, మరి ఈ నెల కుక్క ఐదొందలు..."

ఓనరు గారు చాలాసేపు ఆలోచించారు. డేగ చంకలోనే ఉంది.

"ఈ నెలకి ఉండనీయమ్మా. వచ్చే నెల సంగతి పండగెళ్ళాక చూద్దాం."

"అయితే రాత్రి కాపలా కాసినందుకు దానికేమైనా..."

"జీతమామ్మా?" ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "అలాంటిదేమీ అగ్రిమెంటులో రాసుకోలేదు కదా."