గట్టు లేని ఆస్తి

మా బావ ఏదైనా కొంటానన్నాడంటే నాకు ముందు నా చెప్పులు గుర్తొస్తాయి. ఆయన కొనబోయే ప్రతి స్థలం చుట్టూ నాలుగేసి సార్లు తిరిగి వాటిని అరగదీసుకున్నది నేనే. అందుకే ఈసారి "దుబాయ్‌లో ఫ్లాటు చూద్దాం, రావోయ్" అని ఫోన్ చేస్తే లోలోపల హాయనిపించింది. ఎంత బావైనా దుబాయ్ గట్టు మీద నన్ను నడిపించలేడు కదా.

తీరా చూస్తే వెళ్లింది దుబాయ్ కాదు, హైదరాబాద్‌లోనే ఓ పెద్ద హోటల్‌కి. గుమ్మంలో తలా ఒక గుడ్డసంచీ చేతికిచ్చి లోపలికి పంపారు. హాలు మధ్యలో బల్ల మీద నడుమెత్తు గాజు మేడ, దాన్నిండా చిట్టి దీపాలు.

"42 అంతస్తులు సర్. మీకు 27 బాగుంటుంది" అన్నాడు ఫ్లాట్లు అమ్మే కుర్రాడు.

"ఇప్పటికి ఎన్ని లేచాయి?" అన్నాడు బావ.

గొయ్యి తవ్వడం అయిపోవచ్చిందట. గాలిలో మేడలు కడుతున్నావని మా అమ్మ నన్ను తిట్టేది. ఇక్కడ దాన్ని ఆఫ్-ప్లాన్ అంటారు, బ్రోచరు కూడా వేస్తారు.

"తూర్పు ముఖమేనా నాయనా?" అంది మా ఆవిడ.

కుర్రాడు బల్లకింద మీట నొక్కాడు. మేడ దీపాలతో సహా మెల్లగా తిరగడం మొదలెట్టింది. "ఎక్కడ ఆపమంటారమ్మా?" అన్నాడు. వాడిది తణుకట. ఆ జవాబు విన్నాక నేను అడగకుండానే పోల్చుకునేవాణ్ణి.

తర్వాత నా కళ్లకి ఏదో డబ్బా కట్టారు. కట్టగానే హాలు మాయమై నేను 27వ అంతస్తు బాల్కనీలో తేలాను. కింద నీలం నీళ్లు, దూరంగా సముద్రం. కాళ్లు వణికి రెయిలింగ్ పట్టుకుందామని చెయ్యి చాచాను. చేతికి తగిలింది ఎవరిదో బట్టతల. ఆ పెద్దాయన టీ ఆయన చొక్కా మీదే ఒలికింది. క్షమించమని అడిగితే, "పర్లేదండీ, నేనిప్పుడే మీ పక్క ఫ్లాటు చూసొచ్చాను" అన్నాడు. ఇల్లు లేవకముందే ఇరుగుపొరుగు తయారు.

ఇక లెక్కలు. ఫ్లాటు 8 లక్షల దిర్హంలు. దిర్హం 23 రూపాయలనుకున్నా కోటీ 84 లక్షలు. 60 శాతం మేడ కట్టేటప్పుడు, 40 శాతం తాళాలిచ్చేటప్పుడు. రిజిస్ట్రేషన్‌కి దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ 4 శాతం తీసుకుంటుంది, అంటే ఇంకో ఏడు లక్షల చిల్లర. ఆ పైన ఏటా సర్వీస్ చార్జీ, చదరపు అడుగుకింతని. లిఫ్టులూ, ఈతకొలనూ మనం ఎక్కినా ఎక్కకపోయినా, దూకినా దూకకపోయినా. 20 లక్షల దిర్హంల ఆస్తి కొన్నవాళ్లకి పదేళ్ల గోల్డెన్ వీసా కూడా ఇస్తారని కుర్రాడు చెప్పాడు గానీ, మా బావ గొంతు ఎండిపోవడం చూసి మళ్లీ ఎత్తలేదు.

డబ్బు పంపడం ఇంకో కథ. మన దేశంలో ఉన్నవాడు ఏడాదికి 2,50,000 డాలర్లు బయటికి పంపుకోవచ్చు. ఇలాంటి కొనుగోలుకైతే, 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం బ్యాంకు ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కడుతుంది. మొత్తం ఒకే ఏడాది పంపితే దగ్గర దగ్గర 35 లక్షలు విడిగా చూసుకోవాలి.

"అది పోదు సర్, రిటర్నులో సర్దుకుంటారు" అన్నాడు కుర్రాడు. పోదని చెప్పి తీసుకెళ్లినవాళ్లని నేను చాలామందిని చూశాను.

"అక్కడ అద్దె మీద పన్ను లేదోయ్" అన్నాడు బావ. అక్కడ లేదు. కానీ ఇక్కడ కాపురముండేవాడికి ఎక్కడ అద్దె వచ్చినా ఇక్కడ చూపించాల్సిందే. ఆ ఫ్లాటునైతే రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో విడిగా రాయాలి. మరిచిపోతే 10 లక్షల జరిమానా పడొచ్చు. మా బావ పెళ్లిరోజు మరిచిపోతాడు.

"మరి 2008లో మునిగిందిగా దుబాయ్?" అన్నాను. మునిగింది. ఏడాది తిరిగేసరికి ధరలు దాదాపు సగానికి పడిపోయాయి.

అక్కడ మా బావ తన జీవితంలోకెల్లా గొప్ప లెక్క వేశాడు. "1997 నుంచీ దిర్హం డాలరుకి కట్టేసి ఉంది, డాలరుకి 3.6725. 2008 మొదట్లో మనకి దిర్హం 11 రూపాయలు, ఇప్పుడు 23 పైనే. ఫ్లాటు ధర సగమైతేనేం, రూపాయీ సగమైంది. చెల్లుకి చెల్లు!" దేశం రూపాయి పడిపోయిందని ఇంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు.

ఎగతాళి చేయడానికి నాకున్న అర్హత కూడా చెప్పుకోవాలి. 1996లో హైదరాబాద్‌కి తూర్పున 200 గజాలు కొన్నాను. నాలుగు మూలలా రాళ్లు పాతించి, సున్నం కొట్టించి, ఏటా సంక్రాంతి వెళ్లగానే చూసొచ్చేవాణ్ణి. మొదటేడు నాలుగు రాళ్లు, మూడో ఏడు రెండు. ఎనిమిదో ఏడు వెళ్తే రాళ్ల బదులు ప్రహరీ, దానిమీంచి తొంగిచూస్తూ జామచెట్టు. లోపల్నుంచి ఒకాయన వచ్చి తన కాగితాలు చూపించాడు. ఇద్దరివీ ఒకే సర్వే నంబరు, ఒకే ప్లాటు నంబరు, రెండూ రిజిస్టరు అయినవే. కేసు ఇంకా నడుస్తోంది. ఆయన మంచివాడు, వాయిదాకి వచ్చినప్పుడల్లా జామకాయలు తెస్తాడు.

ఆ కళ్లతో చూస్తే దుబాయ్ కాగితం నాకు ముద్దొచ్చింది. విదేశీయులకి అమ్మడం 2002లో మొదలెట్టి, 2006లో దానికి చట్టం చేశారు, అదీ ఎంపిక చేసిన ప్రాంతాల్లోనే. కట్టబోయే ఫ్లాటుకి మనమిచ్చే డబ్బు బిల్డరు జేబులోకి కాకుండా విడి ఖాతాలోకి పోవాలని 2007లో ఇంకో చట్టం. అన్నిటికీ మించి 27వ అంతస్తుకి ఎవడూ రాత్రికి రాత్రి ప్రహరీ కట్టలేడు.

మా ఆవిడ మాత్రం చప్పరించేసింది. "మీ తరవాత ఎవరు తెచ్చుకుంటారండీ దాన్ని?" దానికీ కుర్రాడి దగ్గర జవాబుంది. ముస్లింలు కానివాళ్లు వీలునామా రిజిస్టరు చేసుకోవడానికి 2015 నుంచీ అక్కడ ఒక ఏర్పాటు ఉందట. "ఇల్లు కట్టకముందే వీలునామానా?" అని ఆవిడ సంచీ సర్దుకుంది. ఆ సంచీ ఇప్పుడు మా ఇంట్లో ఉల్లిపాయలది.

బావ కొన్నాడు. అక్క పేరూ కలిపి. 27కి డబ్బు చాలక 11వ అంతస్తులో.

కంపెనీ వాళ్లు కట్టే చోట కెమెరా పెట్టి, ఫోన్‌లో చూసుకోమన్నారు. అప్పట్నుంచీ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుని ఫోన్ తెరుస్తాడు. "ఎక్కడికి బావా?" అంటే "చేలోకి" అంటాడు. కనిపించేది ఇసుకా, ఇనుప చువ్వలూ, ఒక పసుపుపచ్చ క్రేనూ. దానికి రాముడని పేరు పెట్టాడు. మా నాన్నగారి ఎడ్లలో ఒకదాని పేరది.

మొన్న జూన్ నెలాఖరున మధ్యాహ్నం రెండూ పదికి ఫోన్. గొంతు వణుకుతోంది. "క్రేను ఆగిపోయిందోయ్! మనుషులు కూడా లేరు. కంపెనీ ఎత్తేశారు!" అక్క వెనకనించి ఏదో అంటోంది, బహుశా నాకు కూడా వర్తించేదే.

మా పిన్నిగారబ్బాయి షార్జాలో పనిచేస్తాడు. వాడికి ఫోన్ కొడితే పగలబడి నవ్వాడు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకూ ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలట. వాళ్ల పన్నెండున్నరంటే మనకి రెండు.

బావకి చెప్పాను. నమ్మలేదు. "నాలుగున్నర దాకా చూస్తాను" అన్నాడు.

నేనెందుకు చూశానో నాకే తెలీదు. ఆయన పంపిన లింకు తెరిచి, భోజనం చేసి కునుకు తీయాల్సిన వేళ రెండు గంటలసేపు ఖాళీ ఇసుక వంక చూస్తూ కూర్చున్నాను. నాలుగూ ముప్ఫై రెండుకి నీలం చొక్కా మనిషొకడు నీళ్ల సీసాతో నడిచొచ్చి నిచ్చెన ఎక్కాడు. రాముడు మెడ తిప్పాడు.

ఫోన్ మోగింది. "తూర్పుకే తిరిగిందోయ్" అన్నాడు బావ.