కంపు కొట్టే రోజులే నయం

మా రోజుల్లో పొగాకు కంపు కొట్టేది. దాచుకుందామన్నా దాగేది కాదు. వీధరుగు మీద ఎవరైనా లంక పొగాకు చుట్ట ముట్టిస్తే పెరట్లో ఉన్నవాళ్లకి తెలిసిపోయేది. కుర్రాడు దొంగచాటుగా ఒక్క దమ్ము లాగి, ఆపైన ఎన్ని జామాకులు నమిలొచ్చినా అమ్మ గుమ్మంలోనే పట్టేసేది. వీపు మోగిపోయేది. ఇప్పుడో? వెధవ గదిలోంచి వస్తే మామిడిపండు వాసన, పుదీనా వాసన. "ఏం తిన్నావురా నాన్నా" అని తల్లి మురిసిపోతోంది.

చుట్టని వెనకేసుకొస్తున్నాననుకోకండి. శ్రీకాకుళం, విశాఖ తీరాన నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగిన ఆడవాళ్లకి అంగిట్లో క్యాన్సర్ రావడం డాక్టర్లు ఏనాడో గమనించారు. సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న లంకెని డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లో లెక్కగట్టి చూపేనాటికి జనం దశాబ్దాలుగా ఊదేస్తూనే ఉన్నారు. ఆ రోగం అంత తీరిగ్గా వస్తుంది మరి. ఇప్పటి ఈ మామిడిపండు వాసనల ఈ-సిగరెట్టేమో 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు చేతిలో రూపుదిద్దుకున్న సరుకు. దాంతో మొదలెట్టిన కుర్రకారు ఇంకా ముసలివాళ్లే కాలేదు, ఎవరిని చూసి లెక్క తేలుస్తారు?

అమెరికాలో చదువుకుంటున్న మా తమ్ముడి మనవడు ఫోన్‌లో నాకు పాఠం చెప్పాడు. "ఇది పొగ కాదు తాతా, ఆవిరి. ఫ్లేవర్లన్నీ ఫుడ్ గ్రేడ్."

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎండుమిర్చి పోపు పప్పులో బాగుందని మూకుడు మీద ముక్కు పెట్టి పీలుస్తామా? తినొచ్చు అని రాసిచ్చినవాళ్లు తినడం గురించే రాసిచ్చారు, పీల్చడం గురించి కాదు. 2000లో మిస్సోరీలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ పనివాళ్లకి ఊపిరితిత్తులు పాడైపోతే, వెన్న వాసన కోసం కలిపే డయాసిటైల్ మీదికి వెళ్లింది వేలు. అది క్యాన్సర్ కాదు లెండి. కానీ తింటే ఏమీ చెయ్యనిది పీలిస్తే ఏం చేస్తుందో అక్కడే తెలిసొచ్చింది. తర్వాత హార్వర్డ్ వాళ్లు 2015లో 51 రకాల ఈ-సిగరెట్ ఫ్లేవర్లు పరీక్షిస్తే 39 రకాల్లో అదే డయాసిటైల్ దొరికింది.

క్యాన్సర్ సంగతికొస్తే పులెగోన్ అని ఒకటుంది. పుదీనా జాతి నూనెల్లో సహజంగానే ఉంటుంది (పుదీనా పచ్చడి తినేవాళ్లు కంగారు పడక్కర్లేదు). మోతాదు పెంచి ఎలుకలకి పట్టిస్తే కణుతులొచ్చాయి. తిండిలో కలిపేదేదైనా జంతువుల్లో క్యాన్సర్ తెస్తే చాలు, పనికిరాదని అమెరికాలో 1958 నాటి చట్టం. దాని ప్రకారం 2018లో కృత్రిమ పులెగోన్‌ని తిండిలోంచి తీసేశారు. మరి ఈ-సిగరెట్ తిండి కాదుగా! ఆ చట్టం దాని జోలికి పోదు. 2019లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్క వేశారు: జంతువుకి హాని చెయ్యని మోతాదుని మనిషి పీల్చే మోతాదుతో భాగిస్తే వచ్చే అంకె 10,000 దాటాలి, అప్పుడే కాస్త నిశ్చింత. ఈ-సిగరెట్‌లో పోసే మింట్, మెంథాల్ ద్రవాల్లో చాలావాటికి అంత రాలేదు. ఆ లెక్కకీ ఆధారం ఎలుకలకి తాగించిన మోతాదే, పీల్పించింది కాదు. పోనీ, ఇది ఒక్క పులెగోన్ కథ. ఒక్కో సీసాలో ఎన్ని కలుపుతారో, ద్రవాన్ని ఆవిరి చేసే కాగే తీగ మీద అవి ఒకదానితో ఒకటి కలిసి ఏమవుతాయో! ఫ్లేవర్ లేని ఉత్త ద్రవమే బాగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ పుడుతుంది.

మన దేశంలో 2019లోనే ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి అన్నీ నిషేధించారు. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అయినా దొరుకుతూనే ఉన్నాయట, పెన్‌డ్రైవ్ ఆకారంలో కూడానట. నాకు పెన్‌డ్రైవే ఏమిటో సరిగ్గా తెలీదు, ఇంక పట్టుకునేదేమిటి!