సోమలింగం ప్లేఆఫ్ టికెట్టు: టీకా తాత్పర్య సహితం

మూలం: "అన్నా, ఈసారి మనోళ్లు పక్కా పోతరు. క్వాలిఫయర్ టికెట్ కొట్టేసిన. నువ్వింకా పాయింట్ల టేబులే చూస్తున్నవా?"

అవతారిక: లీగు మ్యాచులు ఇంకా సగం మిగిలి ఉండగా, సన్‌రైజర్స్ హైదరాబాద్ పట్టిక అడుగున కొలువుదీరి ఉండగా, మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక యువభక్తుడు అనుగ్రహించిన వాక్యమిది. కొన్ని ప్రతుల్లో "పక్కా" బదులు "కన్ఫర్మ్" అని పాఠాంతరం. అర్థభేదం లేదు, రెండింటికీ ఆధారం లేదు. ఇంతటి గంభీర వాక్యానికి ఇంతవరకు వ్యాఖ్య లేదు. చదివినవాళ్లంతా బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నారు. వ్యాఖ్యాతల్లో చక్రవర్తి మల్లినాథసూరి మన మెదక్ దగ్గరి కొల్చారం వాడంటారు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం మేమూ పాటిస్తాం. రెండో సగం కూడా పాటిస్తే ఈ టీక పుట్టదు.

టీక: "అన్నా", "ఈసారి", "టికెట్" సులభాలు, విడిచిపెట్టాం. "మనోళ్లు" ఎవరన్నది ఏటేటా వేలంపాట తేలుస్తుంది; దానిమీద మాకు తగాదా లేదు. "పోతరు" దగ్గరే ఉంది చిక్కంతా.

తార్కికులు లేమిని నాలుగు విధాలుగా చెప్పారు. కుండ చేయకముందు మట్టిలో కుండ లేకపోవడం ప్రాగభావం. పగిలాక లేకపోవడం ప్రధ్వంసాభావం. కుండ గుడ్డ కాకపోవడం అన్యోన్యాభావం. గాలిలో రంగు ఏనాడూ లేకపోవడం అత్యంతాభావం. ప్లేఆఫ్స్‌లో మన జట్టు ప్రస్తుతానికి లేదు, ఇందులో వివాదం లేదు. ఆ లేమి మొదటి రకమా, నాలుగో రకమా అన్నదే ప్రశ్న. భక్తుడు మొదటిదే అంటాడు: ఇవాళ లేదు కనకే రేపు ఉండబోతుందని. చూడ్డానికి ఈ రెండు లేములూ ఒక్కలాగే ఉంటాయి. తేడా బయటపడేది లీగు చివరికొచ్చాకే. టికెట్లమ్మేవాడి గిరాకీ అంతా ఆ తేడా తెలియని రోజుల్లోనే.

పూర్వపక్షం: "2024లో ఆర్‌సీబీ మొదటి ఎనిమిదిట్లో ఏడు ఓడిపోయి, తర్వాత వరసగా ఆరు గెలిచి పోలేదా? 2019లో మన సన్‌రైజర్సే పన్నెండంటే పన్నెండు పాయింట్లతో, రన్‌రేట్ పుణ్యాన పోలేదా?"

పోయారు. పోయి ఏం చేశారో పూర్వపక్షి చెప్పడు. ఆర్‌సీబీ అహ్మదాబాద్‌లో రాజస్థాన్ చేతిలో, సన్‌రైజర్స్ విశాఖలో ఢిల్లీ చేతిలో ఎలిమినేటర్‌తోనే ఇంటిదారి పట్టారు. అంటే భక్తుడు చూపిన రెండు దృష్టాంతాల్లోనూ జట్టు క్వాలిఫయర్ అన్న మ్యాచ్ ఆడనే లేదు. ఆయన కొన్నది మాత్రం క్వాలిఫయర్ టికెట్. హేత్వాభాసాలకు పాఠం చెప్పే పంతుళ్లు ఇక వేరే ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు.

మరి "పక్కా" అనిపించే ప్రమాణం ఏదైనా ఉందా? ఉంటే గింటే వాన. 2024 మే 16న ఉప్పల్‌లో గుజరాత్‌తో మ్యాచ్ ఒక్క బంతి పడకుండా కొట్టుకుపోయింది. చెరో పాయింటు వచ్చి, దాంతో సన్‌రైజర్స్ ప్లేఆఫ్స్‌కు చేరారు. మూడు రోజుల తర్వాత గువాహటిలో రాజస్థాన్, కోల్‌కతా మ్యాచ్‌ను కూడా వాన మింగేస్తే రెండో స్థానం దక్కింది. మరుసటేడు 2025 మే 5న అదే ఉప్పల్‌లో ఢిల్లీని 133కే ఆపి, ఇక కొట్టడమే తరువాయి అనుకుంటుండగా అదే వాన వచ్చి, అదే చెరో పాయింటు పంచి, ఈసారి రేసులోంచే తీసేసింది. కాళిదాసు మేఘుడు కనీసం సందేశమైనా మోశాడు. ఉప్పల్ మేఘుడు పాయింటు మోస్తాడు, ఎవరిదో మాత్రం చెప్పడు.

"కొట్టేసిన": ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇక్కడ అన్వయించుకోవాలి. అయితే ఈ సోమలింగానికీ, పంచతంత్రంలోని సోమశర్మకూ బంధుత్వం ఉందా అన్న విచారం ఒకటి మిగిలిపోయింది. సోమశర్మ అపరీక్షితకారకమనే ఐదో తంత్రంలో వస్తాడు. చిన్నయసూరి నీతిచంద్రిక మిత్రలాభం, మిత్రభేదం దగ్గరే ఆగిపోవడంతో ఆయన చేతి తెలుగు ఆ కుర్రాడికి దక్కలేదు. దక్కి ఉంటే ఆ పేలపిండి కుండ వర్ణన ఎట్లా ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కథ తెలిసిందే. బిచ్చమెత్తగా మిగిలిన పేలపిండిని కుండలో పోసి, చిలక్కొయ్యకు వేలాడదీసి, దానికింద మంచం వేసుకుని పడుకున్నాడు ఒక బ్రాహ్మడు. కరువొస్తే ఈ పిండికి వంద రూపకాలు వస్తాయి. వందకు రెండు మేకలు. మేకలు ఆరేసి నెలలకు ఈని మందవుతాయి. మందతో ఆవులు, ఆవులతో గేదెలు, గేదెలతో గుర్రాలు, గుర్రాలతో బంగారం, బంగారంతో మండువా లోగిలి, లోగిలి చూసి పిల్లనిచ్చే మామ, ఆపైన కొడుకు సోమశర్మ. తాను గుర్రపుసాల వెనక కూర్చుని పుస్తకం చదువుకుంటుండగా, పిల్లాడు పాక్కుంటూ గుర్రాల కాళ్ల దగ్గరికొస్తాడు. వాణ్ణి ఎత్తుకోవే అంటే ఇంటిపనిలో ఉన్న పెళ్లాం వినిపించుకోదు. లేచి ఒక్క తన్ను తన్నాడు. తగిలింది కుండకు.

అందరూ ఆ తన్ను చూసి నవ్వుతారు గానీ, అంతదాకా నడిచిన లెక్కను ఎవరూ మెచ్చుకోరు. అందులో ఎక్కడా తప్పు లేదు. మేకకూ గుర్రానికీ మధ్య ఒక్క మెట్టు దాటేయలేదు. కలలోకూడా గుర్రపుసాల వెనక కూర్చుని పుస్తకం చదువుకున్న మనిషిని పిసినారి అని తీసిపారేయడం మాకు నచ్చదు. పైగా అతనికి మూలధనం ఉంది, బిచ్చమెత్తి కూడబెట్టిన పిండి. తన్నకపోతే పొద్దున్నే తినేవాడు. సోమలింగం తండ్రికి ఆ పిండి కూడా లేదు, ఆలి అసలే లేదు. కాబట్టి ఇద్దరూ ఒకరు కాదని మా సిద్ధాంతం. అయితే సోమలింగం తండ్రికి పోయిందీ లేదు. ఉత్తినే పేరు పెట్టుకున్నాడు. పేరుకు జీఎస్టీ లేదు.

ఐపీఎల్ టికెట్‌కు ఉంది. అదివరకు 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అంటే వెయ్యి రూపాయల సీటుకు నాలుగు వందలు పన్ను. దానిమీద యాప్ వాడి సౌకర్య రుసుము. ఆ సౌకర్యం ఎట్లా ఉంటుందంటే, వరుసలో నిలబెట్టి, తెర మీద చిన్న చక్రం తిప్పుతూ, తీరా మన వంతు వచ్చేసరికి చవక స్టాండ్లన్నీ బూడిదరంగుకు మారి ఉంటాయి. వెలిగేది పెవిలియన్ పక్క ఒక్కటే. మొత్తం ఎన్ని సీట్లు అమ్మకానికి పెట్టారో, ఎన్ని పాసులై పెద్దల ఇళ్లకు నడిచి వెళ్లాయో ఎవరూ చెప్పరు. ఇది హాస్యానికి రాస్తున్నది కాదు.

అమెరికాలో బేస్‌బాల్ జట్లు కూడా అర్హత తేలకముందే ప్లేఆఫ్ టికెట్లు అమ్ముతాయని అక్కడి మనవాళ్లకు తెలుసు. కానీ అక్కడ కొనేది తమ జట్టు తమ మైదానంలో ఆడబోయే మ్యాచ్‌కు. జట్టు చేరకపోతే ఆ మ్యాచే ఉండదు. డబ్బు తిరిగొస్తుంది, లేదా వచ్చే సీజన్ ఖాతాలో పడుతుంది. ఐపీఎల్‌లో ఊరు ముందే ఖరారు, జట్లు తర్వాత. మనవాళ్లు రాకపోయినా ఎవరో ఇద్దరు వస్తారు, టాస్ పడుతుంది. మ్యాచ్ జరిగింది కనక వాపసు లేదు. అంటే అభిమానికి అమ్ముతున్నది జట్టు పేరు చెప్పి, ఇస్తున్నది కుర్చీ. ఆ ఊరైనా నిలుస్తుందా అంటే అదీ లేదు. 2025లో మొదటి క్వాలిఫయర్, ఎలిమినేటర్ ఉప్పల్‌కు కేటాయించారు. మే 9న టోర్నీ ఆగి, మళ్లీ మొదలయ్యాక ఆ రెండూ ముల్లన్‌పూర్‌కు తరలిపోయాయి. హైదరాబాద్‌కు ఆ ఏడు జట్టూ మిగల్లేదు, మైదానమూ మిగల్లేదు.

"నువ్వింకా పాయింట్ల టేబులే చూస్తున్నవా?": ఈ వాక్యం కోసమే ఇంత టీక. లెక్క చూసేవాడు ద్రోహి, రశీదు ఉన్నవాడు భక్తుడు అని దీని ధ్వని. 2008లో ఎనిమిది జట్లలో ఎనిమిదోదిగా మిగిలిన డెక్కన్ చార్జర్స్‌కు కూడా మేము ఈల వేశాం. మరుసటేడు వాళ్లు కప్పు ఎత్తింది జొహానెస్‌బర్గ్‌లో. అప్పుడు మా బస్తీలో ఒక్కరి దగ్గరా టికెట్ లేదు. భక్తికేం లోటు రాలేదు. ఇప్పటి భక్తి ముందు కొంటుంది, కొన్నది గ్రూపులో ఫొటో పెడుతుంది, పెట్టి పక్కవాడి నమ్మకాన్ని తూకం వేస్తుంది.

ఆ ఫొటో పెట్టిన పన్నెండో రోజున అదే భక్తుడి నుంచి వెలువడిన ఉత్తరభాగం ఇది: "బ్రోస్, బయటి టీమ్ ఫ్యాన్స్ ఎవరన్నా ఉంటే చెప్పున్రి, రెండు సీట్లున్నయ్, రేటు మాట్లాడుకుందం." దీనికి వ్యాఖ్య అనవసరం. అతని కుండ పగల్లేదు. మూత తీసి చూపించాడంతే.

తాత్పర్యం: జట్ల పేర్లు తేలకుండా టికెట్ అమ్మితే, పేర్లు తేలాక రెండు రోజులపాటు వెనక్కిచ్చే వీలు కూడా అదే యాప్‌లో ఉండాలి. తిరిగొచ్చిన సీటును అచ్చు ధరకే, ఆడబోయే జట్ల అభిమానులకు అమ్మాలి. అన్ని కోట్ల లీగు నడిపే బోర్డుకు ఇది పెద్ద పని కాదు. అది జరిగేదాకా, తమ్ముడూ, నీ నమ్మకం నీదే. నాకు మాత్రం లింకు పంపకు.